పాత బుల్లెట్ రైట్ గేర్: బాక్స్ రీబిల్డ్ చేయించాక కూడా మూడో గేర్ ఊడొస్తోంది, హమ్మింగ్ సౌండ్, చైన్ సాకెట్ దగ్గర ఆయిల్ లీక్

గోదారి350:

అందరికీ నమస్తే. మాది రాజమండ్రి. నాన్నగారు వాడిన 1986 స్టాండర్డ్ బుల్లెట్ 350 ఇప్పుడు నా దగ్గరుంది, కాస్ట్ ఐరన్ ఇంజిన్, కుడికాలి గేర్, పాత 4 స్పీడ్ ఆల్బియన్ బాక్స్, మొదటి గేర్ పైకి మిగతా మూడూ కిందకి. ఇంజిన్ తో ఏ బాధా లేదు, ఇప్పటికీ ఒక కిక్కుకి స్టార్ట్ అవుతుంది. గొడవంతా గేర్ బాక్స్ తోనే.

పోయిన వేసవిలో బాక్స్ మొత్తం విప్పించి రీబిల్డ్ చేయించాను. బేరింగులన్నీ కొత్తవి, స్లీవ్ గేర్ (మెయిన్ షాఫ్ట్ చుట్టూ గొట్టంలా ఉండే గేర్) లో బుష్ (షాఫ్ట్ తిరిగే లోహపు తొడుగు) కొత్తది, ఆయిల్ సీల్, ప్యాకింగులు కొత్తవి, గేర్లు మాత్రం పళ్ళు బాగున్నాయని పాతవే ఉంచారు. ఇప్పుడు పరిస్థితి ఏంటంటే రెండు నుంచి మూడు వేసేటప్పుడు ఒక్కోసారి మధ్యలో ఫాల్స్ న్యూట్రల్ లో (ఏ గేరూ పట్టని చోట) పడి ఇంజిన్ ఒక్కసారిగా అరుస్తుంది, పాత బుల్లెట్లకి అది మామూలే అని అందరూ అంటారు, సరే అనుకుందాం. కానీ మూడు పడ్డాక కూడా నిలబడట్లేదు. మొన్న మారేడుమిల్లి ఘాట్ దిగుతుంటే మూడులో యాక్సిలరేటర్ వదలగానే టక్కున బయటికొచ్చేసింది, వంపులో ఇంజిన్ పట్టు లేకుండా బండి జారిపోతుంటే వెనక కూర్చున్న మా ఆవిడ నా భుజం గట్టిగా పట్టేసుకుంది. అప్పటినుంచి ఘాట్ వైపు తీసుకెళ్ళట్లేదు.

ఇంకా రెండున్నాయి. 1, 2, 3 గేర్లలో హమ్ లాగా సౌండ్ వస్తుంది, నాలుగులో వేస్తే ఆగిపోతుంది. రాత్రి పార్క్ చేస్తే పొద్దున్నకి చైన్ సాకెట్ (వెనక చైన్ ని తిప్పే పళ్ళ చక్రం, స్ప్రాకెట్) కింద నేల మీద ఆయిల్ మచ్చ. చేసిన షాపుకి మళ్ళీ తీసుకెళ్తే "పాత బండి కదా సార్, సెట్ అవుతుంది, తిప్పండి" అంటున్నారు. చాలా కిలోమీటర్లు తిప్పాను, సెట్ అవలేదు, ఇంకొంచెం పెరిగింది. మళ్ళీ విప్పించే ముందు అసలు ఏం చూడాలో తెలిసినవాళ్ళు చెప్తారని అడుగుతున్నా. ఇది అమ్మే బండి కాదు, నాన్నగారి గుర్తు, అందుకే సరిగ్గా చేయించాలని.

బెజవాడ_రైడర్:

బ్రో, ముందు క్లచ్ చూడు. క్లచ్ పూర్తిగా వదలకపోతే గేర్లు ఎప్పటికీ సాఫీగా పడవు, మనం బాక్స్ ని తిట్టుకుంటూ ఉంటాం. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజిన్ వేడెక్కాక క్లచ్ నొక్కి ఫస్ట్ లో వెయ్యి, వెనక చక్రం గట్టిగా తిరుగుతూనే ఉంటే, చేత్తో ఆపబోతే ఇంజిన్ గుంజుతుంటే, క్లచ్ డ్రాగ్ ఉన్నట్టే (వేళ్ళు పెట్టకు, చెప్పుతో టైర్ కి అడ్డం పెట్టు). కేబుల్ ఫ్రీ ప్లే, ప్రెషర్ ప్లేట్ అన్ని వైపులా సమానంగా లేస్తుందా లేదా, ఈ రెండూ అయ్యాక మిగతాది.

అదీ కాకపోతే నన్నడిగితే 5 స్పీడ్ లెఫ్ట్ గేర్ బాక్స్ పెట్టించెయ్. మా కజిన్ బండికి పెట్టించాం, హాయిగా ఉంది.

పాతఇనుము_గుంటూరు:

తమ్ముడూ, 5 స్పీడ్ సంగతి పక్కన పెట్టు. ఆ బాక్స్ మంచిదే, కాదనను, కానీ నాన్నగారి బండి కుడికాలి గేరు, మడమతో నొక్కితే న్యూట్రల్ పడే ఆ చిన్న లివరు, అవి తీసేస్తే ఆ బండి ఆ బండి కాదు. పైగా ఆల్బియన్ బాక్స్ చెడ్డది కానే కాదు. 1955లో మద్రాసులో బుల్లెట్ మొదలైన దగ్గర్నుంచి దశాబ్దాల పాటు ఈ డిజైనే నడిచింది, అంతకుముందు ఇంగ్లండ్ లో ఎన్నో కంపెనీల బైకులకి ఆల్బియన్ వాళ్ళ బాక్సులే ఉండేవి. కొలతలు కరెక్టుగా ఉంటే చక్కగా పనిచేస్తుంది. కొలతలు చూడకుండా కొత్త పార్టులు కూర్చేస్తేనే ఇబ్బంది.

నువ్వు చెప్పిన గుర్తుల్లోనే సగం జవాబుంది. హమ్మింగ్ 1, 2, 3 లో ఉండి నాలుగులో పోతోంది అన్నావు చూడు, అది చాలా విలువైన మాట. ఈ బాక్స్ లో నాలుగో గేర్ డైరెక్ట్. క్లచ్ తిప్పే మెయిన్ షాఫ్ట్ నేరుగా స్లీవ్ గేర్ తో లాక్ అయిపోతుంది, లే షాఫ్ట్ (బాక్స్ లో ఉండే రెండో షాఫ్ట్) మీద లోడ్ ఉండదు. మొదటి మూడు గేర్లలో మాత్రం పవర్ మెయిన్ షాఫ్ట్ నుంచి లే షాఫ్ట్ కి దిగి, మళ్ళీ స్లీవ్ గేర్ కి ఎక్కి చైన్ సాకెట్ కి పోతుంది. ఆ మూడు గేర్లలో మెయిన్ షాఫ్ట్ ఒక స్పీడులో, దాని చుట్టూ ఉన్న స్లీవ్ గేర్ ఇంకో స్పీడులో తిరుగుతాయి, ఆ రెండింటి మధ్యన ఉన్నదే నువ్వు కొత్తది వేయించానన్న బుష్. నాలుగులో రెండూ ఒకటిగా తిరుగుతాయి కాబట్టి బుష్ మీద రాపిడి సున్నా. అంటే బాల్ బేరింగుల మీద నాకు పెద్దగా అనుమానం లేదు, అవి పోతే నాలుగులో కూడా అరుస్తాయి. అయితే ఆ స్లీవ్ బుష్, లేకపోతే లే షాఫ్ట్ బుష్షులు, గేర్లు.

స్లీవ్ బుష్ లూజా కాదా అన్నది బాక్స్ విప్పకుండానే తెలుస్తుంది. ప్రైమరీ కవర్ తియ్యి, ఒకటే నట్టు కదా. ప్రైమరీ చైన్ లూజ్ చేసి, వెనక చైన్ తీసేసి, క్లచ్ ని రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ, పైకీ కిందికీ ఊపు. మరొకర్ని చైన్ సాకెట్ పట్టుకోమను. సాకెట్ కదలకుండా క్లచ్ ఒక్కటే ఊగితే స్లీవ్ బుష్ లూజు. సాకెట్ కూడా కలిసి ఊగితే పెద్ద బేరింగ్, లేదా అల్యూమినియం కేసింగ్ లో ఆ బేరింగ్ కూర్చునే సీటు లూజు. కేసింగ్ ని వేడి చెయ్యకుండా సుత్తితో కొట్టి బేరింగులు దించే షాపులు చాలా ఉన్నాయి, అలా చేస్తే సీటు పోతుంది. కేసింగ్ మీద నీటి చుక్క వేస్తే చుయ్ మనేంత వేడి చేస్తే బేరింగ్ దానంతటదే దిగుతుంది, కొట్టే పనే ఉండదు.

బుష్ లూజైతే లీక్ ఎందుకో కూడా తెలిసిపోతుంది. మెయిన్ షాఫ్ట్ కీ స్లీవ్ కీ మధ్య సందులోంచి ఆయిల్ బయటికొస్తుంది, నువ్వు ఎన్ని సీల్స్ మార్చినా ఆగదు. షాఫ్ట్ అటూ ఇటూ ఊగుతుంటే గేర్లు పూర్తిగా సూటిగా కలవవు, అలా కలవని గేర్ లోడ్ మారగానే బయటికి తోసుకొచ్చేస్తుంది. నీ మూడో గేర్ కథలో ఇదొక భాగం.

ఇంకో భాగం, మూడు ఎప్పుడు ఊడుతోంది? యాక్సిలరేటర్ వదిలినప్పుడు అన్నావు. లాగేటప్పుడు ఊడితే డాగ్ (గేర్ పక్కన ముందుకొచ్చి పక్క గేర్ ని పట్టుకునే దిమ్మె) లో లాగే వైపు ముఖం అరిగినట్టు, వదిలినప్పుడు ఊడితే అవతలి ముఖం అరిగినట్టు, లేదా షాఫ్ట్ కి పొడుగు వైపు ఆట (అటూ ఇటూ జరిగే సందు) ఎక్కువున్నట్టు. గేర్ పళ్ళు బాగున్నాయని పాతవి ఉంచారన్నావు, మంచిపనే, కానీ వాళ్ళు పళ్ళు చూశారా, డాగులు చూశారా? గేర్ ఊడేది పళ్ళ వల్ల కాదు, పక్కన ముందుకొచ్చిన ఆ మొద్దు దిమ్మెల అంచుల వల్ల. వాటి మూలలు గుండ్రంగా అయ్యాయో లేదో చూడాలి.

పొడుగు వైపు ఆట సంగతి ఇంకా ముఖ్యం. లోపలి కవర్ కీ కేసింగ్ కీ మధ్య వేసిన ప్యాకింగ్ ఎంత మందం? చాలామంది లీక్ ఆగాలని మందపాటి షీట్ కత్తిరించి వేస్తారు, దానిమీద సీలెంట్ కూడా పూస్తారు. ఆ ప్యాకింగ్ మందమే లే షాఫ్ట్ కి ఎంత ఆట మిగలాలో నిర్ణయిస్తుంది. మందం పెరిగితే షాఫ్ట్ పక్కకి జరుగుతుంది, డాగులు సగమే కలుస్తాయి. ఈ బాక్స్ లో ఒకే ఫోర్కు రెండు షాఫ్టుల మీదున్న స్లైడింగ్ గేర్లనీ కలిపి జరుపుతుంది కాబట్టి ఒక షాఫ్ట్ తన చోటు తప్పితే ఫోర్కు ఏం చేసినా లెక్క కుదరదు.

ముందు క్లచ్ ఊపి చూసి చెప్పు. ఏమీ విప్పించొద్దు అప్పటిదాకా.

సికింద్రాబాద్_థంపర్:

అన్న చెప్పింది కరెక్ట్. నాది 1978 మోడల్, నాక్కూడా లీక్ ఉండె. ఒక మెకానిక్ చెప్పిండు బాక్స్ నిండా బేరింగ్ గ్రీజు కొట్టు లీక్ బంద్ అయితది అని. లీక్ అయితే బంద్ అయింది గానీ కొన్ని రోజులకే బాక్స్ మొత్తం అరవడం షురూ చేసింది. గట్టి గ్రీజుని గేర్లు పక్కకి తోసి మధ్యల దారి చేసుకుంటయి, అది మళ్ళ కిందికి జారి రాదు, బుష్షులకి చుక్క కూడా అందదు. అందుకే గట్టి గ్రీజు ఎవరు చెప్పినా వెయ్యకు. పారే గ్రీజు, 00 నంబర్ ది, దాంట్ల ఈపీ 90 గేర్ ఆయిల్ కలిపి పోస్తే పాత బాక్సులకి మంచిగ పనిచేస్తది, అంత లీక్ కూడా కాదు. ఈపీ 90 లో కూడా జీఎల్-4 అని రాసున్నది తీస్కో, జీఎల్-5 ల గంధకం మందులు ఎక్కువ ఉంటయి, బ్రాంజ్ బుష్షులని తింటయి అంటరు.

డూప్లికేట్ గేర్ సెట్ గురించి కూడా ఒక మాట. హైదరాబాద్ పుత్లీబౌలిల తిరిగితే కొత్త గేర్ సెట్లు చానా కనబడతయి, ధర జూసి మనసు పోతది. ఒకటి వేసిచూసిన, డాగులు జల్ది అరిగిపోయినయి, హార్డెనింగ్ సరిగ లేదు. ఆఖరికి చెన్నై పుదుపేటల ఒక పాత స్క్రాప్ బాక్స్ దొరికింది, దాంట్ల గేర్లు తీసి వేసిన, ఇప్పటిదాంక ఢోకా లేదు. పాత ఒరిజినల్ గేర్ కొంచెం అరిగినా కొత్త డూప్లికేట్ కన్న మేలు.

గోదారి350:

అందరికీ చాలా థాంక్స్. బెజవాడ బ్రో చెప్పినట్టు క్లచ్ చూశా, డ్రాగ్ కొంచెం ఉంది కానీ కేబుల్ అడ్జస్ట్ చేస్తే పోయింది, ఫాల్స్ న్యూట్రల్ కాస్త తగ్గింది, పూర్తిగా పోలేదు. తర్వాత గుంటూరు అన్నగారు చెప్పినట్టు ప్రైమరీ కవర్ తీసి, మా తమ్ముడు సాకెట్ పట్టుకుంటే నేను క్లచ్ ఊపాను. సాకెట్ కదల్లేదు. క్లచ్ మాత్రం స్పష్టంగా ఊగుతోంది, చేతికి టక్ టక్ మని తెలుస్తోంది. అంటే బుష్షే కదా? కొత్త బుష్ ఇంత తొందరగా ఎలా పోయింది? ఇంకొకటి గమనించా, ప్రైమరీ చైన్ బాగా బిగుతుగా ఉంది, వేలితో నొక్కితే దాదాపు కదల్లేదు.

పాతఇనుము_గుంటూరు:

అదిగో, చైన్ బిగుతు అన్నావు, సగం సమాధానం అదే. ఆ బుష్ పరిస్థితి ఒకసారి ఆలోచించు. ప్రైమరీ చైన్ మెయిన్ షాఫ్ట్ ని ముందుకి లాగుతుంది, వెనక చైన్ స్లీవ్ ని వెనక్కి లాగుతుంది. ఆ రెండు లాగుళ్ళ మధ్యన నలిగేది ఆ బుష్షే. రెండు చైన్లలో ఏది అతిగా బిగించినా ముందు పోయేది అది. బుల్లెట్ లో గేర్ బాక్స్ ఇంజిన్ కే బోల్టులతో బిగించి ఉంటుంది కాబట్టి బాక్స్ వెనక్కి జరిపి చైన్ అడ్జస్ట్ చేసే పద్ధతి లేదు, కింద టెన్షనర్ స్లిప్పర్ (చైన్ ని ఒత్తి పట్టే పట్టీ) ఒక్కటే ఆధారం. చైన్ ఎక్కడ ఎక్కువ బిగుతుగా ఉందో తిప్పుతూ చూసి ఆ చోట కూడా కాస్త ఊగేలా పెట్టాలి. వెనక చైన్ కూడా అంతే, బండి మీద మనిషి కూర్చున్నాక చూడాలి, స్టాండ్ మీద చూసి బిగిస్తే మనిషి కూర్చోగానే తీగలా అయిపోతుంది.

ఇక బుష్. షాపుల్లో రెడీమేడ్ బుష్ తెచ్చి స్లీవ్ లోకి ప్రెస్ చేస్తారు. ప్రెస్ చేయగానే లోపలి సైజు తగ్గుతుంది, షాఫ్ట్ ఎక్కదు. అప్పుడు రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన సైజుకి తీసే పనిముట్టు) తో సైజ్ చెయ్యాలి. రీమర్ లేని చోట ఎమిరీ పేపర్ చుట్టి రుద్దుతారు, అలా రుద్దిన రంధ్రం గుండ్రంగా ఉండదు, రెండు చివర్లా వెడల్పైపోతుంది. షాఫ్ట్ ఎక్కింది కదా అని ఫిట్ చేసేస్తారు. నీది అలాగే జరిగి ఉంటుందని నా అనుమానం, విప్పాక చూడు.

చేయించేటప్పుడు ఇలా చెయ్యి. ముందు మెయిన్ షాఫ్ట్ ని మైక్రోమీటర్ తో కొలిపించు, బుష్ తిరిగే చోట నాలుగైదు చోట్ల, తిప్పి తిప్పి. ఇన్నేళ్ళ బండి, షాఫ్ట్ కూడా అరిగి ఉంటుంది. బుష్ ని పుస్తకంలో ఉన్న సైజుకి కాదు, నీ షాఫ్ట్ కి తగ్గట్టు చేయించాలి. ఫాస్ఫర్ బ్రాంజ్ రాడ్ ఇచ్చి చేయించు, మామూలు ఇత్తడి వద్దు, ఆయిల్ పోయే గాడి పాత బుష్ లో ఎలా ఉందో అలాగే ఉండాలి. స్లీవ్ లోకి ప్రెస్ చేశాకే లోపలి సైజ్ తీయాలి, షాఫ్ట్ కన్నా ఒకటిన్నర రెండు థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఎక్కువ ఉంటే నేను ఒప్పుకుంటాను. ఆయిల్ రాసి షాఫ్ట్ పెడితే దాని బరువుకి అది మెల్లగా జారాలి, ఊగకూడదు.

స్లీవ్ బయట ఆయిల్ సీల్ ఆనే చోట గోరు పెట్టి చూడు, గాడి తగిలితే కొత్త సీల్ కూడా ఆగదు, ఆ స్పేసర్ మార్చాలి. లే షాఫ్ట్ బుష్షులు కూడా అప్పుడే చూసెయ్, ఒక చివర కిక్ షాఫ్ట్ లోపల తిరుగుతుంది, అక్కడి బుష్ ని అందరూ మర్చిపోతారు.

ప్యాకింగ్ మందం ఎంతుండాలో లెక్క తేల్చడానికి తేలిక పద్ధతి ఉంది. లే షాఫ్ట్ చివర చిన్న సోల్డర్ తీగ ముక్క గ్రీజుతో అంటించి, ప్యాకింగ్ లేకుండా కవర్ పెట్టి బిగించి, మళ్ళీ తీసి నలిగిన ముక్క మందం కొలువు. దానికి వేయబోయే ప్యాకింగ్ మందం కలిపితే వచ్చేదే నీ ఆట. పావు మిల్లీమీటర్ లోపు ఉండేట్టు షిమ్ వాషర్లు (పల్చటి రింగులు) వేసి సరిచేసుకో, పూర్తిగా సున్నా చెయ్యొద్దు, వేడెక్కితే పట్టేస్తుంది. కవర్ బిగించాక షాఫ్ట్ చేత్తో హాయిగా తిరగాలి.

డాగుల అంచులు గుండ్రంగా ఉంటే వెల్డింగ్ పెట్టి ఆకురాయి పడతామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. గేర్ మీద గట్టిదనం పైపొర వరకే, లోపలంతా మెత్తనిది. వెల్డింగ్ వేడికి ఆ పొర పోతుంది, ఒక్కోసారి దిమ్మె విరిగి పళ్ళ మధ్యలో పడితే కేసింగే పగులుతుంది. సికింద్రాబాద్ తమ్ముడు చెప్పినట్టు పాత బాక్స్ లోంచి మంచి గేర్ వెతుక్కో.

గోదారి350:

మొత్తానికి విప్పించాను, ఈసారి వేరే చోట, నేను పక్కనే కూర్చుని. అన్నగారు చెప్పిందే నిజమైంది. బుష్ లోపల రెండు చివర్లా వెడల్పు, మధ్యలో మాత్రమే షాఫ్ట్ కి తగులుతోంది, ఎమిరీ గీతలు అలాగే ఉన్నాయి. ప్యాకింగ్ దళసరి షీట్, పైన సీలెంట్ పొర. సోల్డర్ తీగ పెట్టి చూస్తే ఆ ప్యాకింగ్ తో కలిపి ఆట ఒక మిల్లీమీటర్ పైనే వచ్చింది. మూడో గేర్ డాగులు ఒక వైపు అంచులు కొంచెం గుండ్రంగా ఉన్నాయి, ఫోర్కు సూటిగానే ఉంది. ఆటోనగర్ లో బెజవాడ బ్రో చూపించిన చోట పాత బాక్స్ లోంచి మంచి గేర్ దొరికింది, థాంక్స్ బ్రో.

బుష్ షాఫ్ట్ కి తగ్గట్టు చేయించి, పల్చటి పేపర్ ప్యాకింగ్, షిమ్ వేసి కట్టించాం. 00 గ్రీజు, జీఎల్-4 ఈపీ 90 కలిపి పోశాం. హమ్మింగ్ పోయింది. లీక్ ఆగింది. మూడు నిలబడుతోంది, కావాలని దిగుడులో యాక్సిలరేటర్ వేసి వదిలి వేసి వదిలి చూశా, ఊడలేదు. ఎంత ఆనందంగా ఉందో చెప్పలేను.

మిగిలింది ఒకటే. రెండు నుంచి మూడుకి ఇంకా అప్పుడప్పుడు ఫాల్స్ న్యూట్రల్. పెడల్ కిందకి నొక్కేటప్పుడే, పెడల్ పైకి ఎత్తి మారుస్తూ వస్తే అన్నీ పడుతున్నాయి. ఇది అడ్జస్ట్మెంటా?

పాతఇనుము_గుంటూరు:

చాలా సంతోషం తమ్ముడూ. ఒక వైపే వస్తోందంటే అది అడ్జస్ట్మెంటే, భయపడకు. గేర్ బాక్స్ బయటి కవర్ మీద రెండు నట్లతో ఒక చిన్న ప్లేట్ ఉంటుంది, లోపల రాచెట్ (పెడల్ కదిపినప్పుడల్లా ఒక్కో గేర్ మార్చే పళ్ళ భాగం) ఎక్కడ ఆగాలో అదే చెప్తుంది. ఇంజిన్ ఆపి, సెంటర్ స్టాండ్ మీద, బండి న్యూట్రల్ లో పెట్టి గేర్ పెడల్ ని చేత్తో పైకి ఎత్తు, రాచెట్ పన్ను తగిలే వరకు ఎంత కదిలిందో చూడు, అలాగే కిందకి నొక్కు. రెండు వైపులా ఒకేలా ఉండాలి. నీకు కింద వైపు తేడా కనబడుతుంది. నట్లు కాస్త వదులు చేసి ప్లేట్ ని కొద్దికొద్దిగా జరుపుతూ సమానం చెయ్యి, వెంట్రుక వాసి జరిపినా తేడా తెలుస్తుంది కాబట్టి మొదట ప్లేట్ ఎక్కడుందో గీత గీసుకో. జరిపిన ప్రతిసారీ వెనక చక్రాన్ని చేత్తో తిప్పుతూ నాలుగు గేర్లూ వేసి చూడు, చక్రం తిప్పకపోతే డాగులు ఒకదానికొకటి ఎదురుపడి పడనట్టు అనిపిస్తుంది.

న్యూట్రల్ ఫైండర్ కి విడిగా అడ్జస్ట్మెంట్ ఉంది, దాని ప్రయాణాన్ని ఆపే స్టాప్ బోల్టు లూజ్ చేసి తిప్పితే కుదురుతుంది. ప్లేట్ సరిచేశాకే దాన్ని ముట్టుకో.

నడిపేటప్పుడు మూడు వేసేటప్పుడు పెడల్ చివరిదాకా నొక్కి, క్లచ్ వదిలేదాకా కాలు అక్కడే ఉంచు. ఈ బాక్స్ కి ఆ అర క్షణం ఇవ్వాలి, కొత్త బండ్లలాగా టకటకా కొడితే ఒప్పుకోదు.

సికింద్రాబాద్_థంపర్:

కొన్ని వందల కిలోమీటర్లు తిరిగినంక ఒకసారి గ్రీజు-ఆయిల్ బయటికి తీసి చూడు అన్నా, కొత్త బుష్ కదా, కొంచెం బంగారు రంగు మెరుపు ఉంటే పర్వాలేదు. ఇనుప ముక్కలు కనబడితే మాత్రం ఇక్కడ ఫొటో పెట్టు.

గోదారి350:

ప్లేట్ ఒక గీతంత ముందుకి జరిపితే కుదిరింది, పైకీ కిందకీ పెడల్ ఒకేలా కదులుతోంది. ఇవాళ ధవళేశ్వరం బ్యారేజీ దాకా వెళ్ళొచ్చా, రెండు నుంచి మూడు ఒక్కసారి కూడా తప్పలేదు. ఆయిల్ తీసినప్పుడు ఫొటోలు పెడతాను.